రాజావారు ఓడిపోయిన పాత బొబ్బిలి సీటు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

పోయిన సంచికలో మద్రాసు రాష్ట్రం రోజుల గురించి రాస్తూ, 1937లో బొబ్బిలి రాజావారిని సొంత బొబ్బిలిలోనే వి.వి.గిరి ఓడించారని ఒక్క ముక్క రాశాను. ఆ ఒక్క ముక్క మీదే బోలెడు ఉత్తరాలు వచ్చాయి, అందుకే ఈసారి కాలమ్ మొత్తం దానికే ఇచ్చేస్తున్నా.

ప్రశ్న: మాది బొబ్బిలి దగ్గర పల్లె. బొబ్బిలి యుద్ధం, తాండ్ర పాపారాయుడు, బుస్సీ ఫిరంగులు, ఇవన్నీ చిన్నప్పటి నుంచి వింటూనే ఉన్నాం. ఈ 1937 ఎన్నిక మాత్రం స్కూల్లో ఎవ్వరూ చెప్పలేదు. అసలేం జరిగింది, ఆ నియోజకవర్గం ఇప్పటి బొబ్బిలి నియోజకవర్గమేనా?

జవాబు: పేరు అదే గానీ సీటు అది కాదు. మీరడిగిన పాత బొబ్బిలి, మద్రాసు ప్రొవిన్షియల్ అసెంబ్లీలో ఒక నియోజకవర్గం. 1935 గవర్నమెంట్ ఆఫ్ ఇండియా చట్టం వచ్చాక పుట్టింది, 1937లో ఒకసారి, మళ్ళీ 1946లో ఒకసారి ఆ చట్టం కింద ఎన్నికలు జరిగాయి, 1952లో అందరికీ ఓటు వచ్చేసరికి ఆ పాత హద్దులూ పాత ఓటర్ లిస్టూ చెల్లిపోయాయి. అప్పటికి విజయనగరం జిల్లా అనేదే లేదు, అంతా పాత విశాఖపట్నం జిల్లా, తర్వాత 1950లో శ్రీకాకుళం జిల్లా విడిపోయినప్పుడు బొబ్బిలి అటు వెళ్ళింది, 1979లో విజయనగరం జిల్లా ఏర్పడ్డాక ఇటు వచ్చింది.

ఇక ఏం జరిగిందంటే. రావు శ్వేతాచలపతి రామకృష్ణ రంగారావు గారు, బొబ్బిలి రాజా, 1901లో పుట్టారు. 1932 నవంబర్‌లో మద్రాసు ప్రెసిడెన్సీకి ఫస్ట్ మినిస్టర్ అయ్యారు, అంటే ఇప్పటి లెక్కలో ముఖ్యమంత్రి, వయసు 31 ఏళ్ళు. ఒక్కసారి ఆలోచించండి, ఆ రోజుల్లో మద్రాసు ప్రెసిడెన్సీ అంటే ఇటు గంజాం నుంచి అటు తిరునల్వేలి దాకా, మధ్యలో మలబారు, బళ్ళారి అన్నీ కలిపి. అప్పుడు మద్రాసులో అధికారంలో ఉన్న జస్టిస్ పార్టీలో జమీందారుల వర్గం అంతకు ముందున్న మునుస్వామి నాయుడు గారిని దించేసి ఈయన్ని తెచ్చి పెట్టింది. 1936లో ఏప్రిల్ నుంచి ఆగస్టు దాకా అదే పార్టీ నాయకుడు పి.టి.రాజన్ ఆ కుర్చీలో కూర్చున్నారు, అది తప్ప 1937 ఏప్రిల్ 1 వరకు పదవిలో ఈయనే. అంటే ఎన్నిక జరిగిన 1937 ఫిబ్రవరి నాటికి ఆయన పదవిలో ఉన్న ముఖ్యమంత్రి, పైగా ఆ నేలకి జమీందారు, కోట ఆయనది, రైతులు శిస్తు కట్టేది ఆయన కచేరీకి.

అలాంటి చోట కాంగ్రెస్ నిలబెట్టింది వరాహగిరి వెంకటగిరి గారిని. బరంపురంలో పుట్టిన మనిషి, డబ్లిన్‌లో లా చదువుకున్నారు, బెంగాల్ నాగపూర్ రైల్వే కార్మికుల్ని సంఘటితం చేసిన లీడర్, దేశంలోని కార్మిక సంఘాల సమాఖ్య ఏఐటీయూసీకి అధ్యక్షుడిగా కూడా చేశారు. ఆయనకి జమీ లేదు, సంస్థానం లేదు, కార్మికుల్లో ఉన్న పేరు తప్ప ఇంకేం లేదు. ఫలితం చూస్తే 6 వేలకు పైగా మెజారిటీతో గిరి గారు గెలిచారు. ఇప్పటి ఎన్నికల్లో ఆరు వేలంటే మనం పెద్దగా పట్టించుకోం గానీ, ఊళ్ళో నూటికి పది పదిహేను మందికి మాత్రమే ఓటు ఉన్న రోజుల్లో ఆరు వేలంటే చాలా పెద్ద తేడా.

ప్రశ్న: ఓటు కొద్దిమందికే ఉండేదని రాశారు. మరి ఓటున్న వాళ్ళంతా ఆస్తిపరులే కదా, రాజుగారి మనుషులే అయ్యుండాలి కదా, వాళ్ళే రాజుగారిని ఎలా ఓడించారు?

జవాబు: ఈ కథకి కీలకం ఇక్కడే ఉంది, నాకు ఎప్పుడూ ఆశ్చర్యం కలిగించేది కూడా ఇదే, కాబట్టి కొంచెం నిదానంగా చెప్తాను.

1935 చట్టం కింద బ్రిటిష్ ఇండియా మొత్తం మీద ఓటర్లు సుమారు 3 కోట్ల మంది. భూమి శిస్తు కట్టేవాళ్ళు, ఇంటి పన్నో ఆదాయపు పన్నో కట్టేవాళ్ళు, చదవడం రాయడం వచ్చినవాళ్ళు, ఇలా కొన్ని అర్హతలు పెట్టారు. కూలికి వెళ్ళి బతికేవాడికి, పాలేరుకి ఓటు లేదు. ఇంతవరకూ వింటే మీరన్నట్టే అంతా పెద్దల ఎన్నికలా కనిపిస్తుంది. కానీ మద్రాసు రాష్ట్రంలో ఆ లిస్టులోకి జమీందారీ రైతు కూడా వచ్చాడు. 1908 ఎస్టేట్స్ ల్యాండ్ చట్టం ప్రకారం జమీ భూమిలో అనుభవ హక్కు ఉండి జమీందారుకి శిస్తు కట్టే రైతన్నమాట. జమీందారు దగ్గర చేతులు కట్టుకుని నిలబడే మనిషికి, ఆ జమీందారు అభ్యర్థిగా నిలబడితే ఓటెయ్యాలో వద్దో తేల్చే హక్కు వచ్చింది. ఓటర్ల లిస్టు తయారయిన రోజే సగం పని అయిపోయిందని నేను అనుకుంటాను.

మిగతా సగం పని పడిపోయిన ధరలు చేశాయి. 1929 తర్వాత ప్రపంచమంతా వచ్చిన ఆర్థిక మాంద్యంలో ధాన్యం ధర పడిపోయింది, శిస్తు మాత్రం పడలేదు, అప్పులు పెరిగాయి. అదే టైంలో మద్రాసు మంత్రుల జీతం నెలకి 4 వేల రూపాయల పైన. కాంగ్రెస్ వాళ్ళేమో 1931 కరాచీ తీర్మానంలోనే ఎవరికీ 500 మించి జీతం ఉండకూడదని చెప్పేశారు, తర్వాత మంత్రులయ్యాక నిజంగానే 500 తీసుకున్నారు. ఈ రెండు అంకెలు పక్కపక్కన పెట్టి ఊళ్ళో చెప్తే ఇంకో ఉపన్యాసం అక్కర్లేదు కదా. దీనికి తోడు రైతు నాయకుడు ఎన్.జి.రంగా గారు రైతు సంఘాలు పెట్టి జమీందారీ రైతుల సమస్యల్ని ఊరూరా మాట్లాడించారు, ఉప్పు సత్యాగ్రహంలో జైలుకెళ్ళొచ్చిన కార్యకర్తలు ప్రతి ఫిర్కాలో (కొన్ని ఊళ్ళు కలిసిన రెవెన్యూ భాగం) ఉన్నారు. జస్టిస్ పార్టీకి కింద అలాంటి మనుషులే లేరు, ఉన్నదల్లా పెద్దిళ్ళు, లోకల్ బోర్డు ప్రెసిడెంట్లు.

ఇంకొకటి, రంగు పెట్టెలు. చదువురాని ఓటర్ల కోసం పార్టీకో రంగు పెట్టె పెట్టేవాళ్ళు, కాంగ్రెస్‌ది పసుపు పెట్టె. గాంధీ గారికి వెయ్యాలంటే పసుపు పెట్టెలో వెయ్యి, అంతే ప్రచారం. కాగితం పెట్టెలో పడేది తెర చాటున కాబట్టి ఎవరు ఎందులో వేశారో కచేరీకి తెలిసే దారి లేదు. పగలు రాజావారి బండెక్కి బూత్‌కి వచ్చినవాడు కూడా లోపలికెళ్ళాక తన ఇష్టం. ఈ చాటు లేకపోతే ఆ ఆరు వేల మెజారిటీ వచ్చేది కాదని నా నమ్మకం.

రాష్ట్రం మొత్తం మీద కూడా అదే గాలి. 215 సీట్లలో కాంగ్రెస్‌కి 159 వచ్చాయి, పదిహేడేళ్ళలో ఎక్కువ కాలం పాలించిన జస్టిస్ పార్టీ ఇరవై సీట్ల దగ్గర ఆగిపోయింది, పి.టి.రాజన్ కూడా ఓడిపోయారు, పిఠాపురం రాజావారు విడిగా పెట్టుకున్న పీపుల్స్ పార్టీకి ఒక్కటంటే ఒక్క సీటు.

ప్రశ్న: మా నాన్నమ్మ వాళ్ళ అమ్మగారికి 1937లో ఓటు ఉండేదా? దళితులకి సీట్లు ఉండేవా? అప్పటి సీట్ల పద్ధతి కాస్త వివరంగా చెప్పండి.

జవాబు: ఆవిడకి చదువొచ్చి ఉంటే, లేదా ఆవిడ పేరు మీద భూమి ఉంటే, లేదా భర్త పెద్ద పన్ను కట్టేవాడైతే ఉండే అవకాశం ఉంది, లేకపోతే లేదు. సైనికుల భార్యలకీ వితంతువులకీ కూడా కొన్ని అర్హతలు పెట్టారు. ఎలా చూసినా ఆడవాళ్ళ ఓట్లు మగవాళ్ళ కంటే చాలా తక్కువ.

సీట్ల పద్ధతి మాత్రం ఇప్పటివాళ్ళకి చెప్తే నమ్మరు. 215 సీట్లలో జనరల్ 146, అందులో 30 షెడ్యూల్డ్ కులాలకి రిజర్వు. మిగతావన్నీ వేరువేరు గుంపులకి: ముస్లింలకి 28, ఆడవాళ్ళకి 8, భారతీయ క్రైస్తవులకి 8, జమీందారులకి 6, వ్యాపార పరిశ్రమలకి 6, కార్మికులకి 6, యూరోపియన్లకి 3, ఆంగ్లో ఇండియన్లకి 2, వెనుకబడిన ప్రాంతాలూ తెగలకి 1, యూనివర్సిటీకి 1. ముస్లిం ఓటరు ముస్లిం సీటుకే వెయ్యాలి, పక్కింటి హిందువు జనరల్ సీటుకి వెయ్యాలి, ఇద్దరూ ఒకే ఊళ్ళో ఉన్నా ఒకే అభ్యర్థి కోసం కొట్లాడుకునే అవసరం కూడా రాదు. రాజగోపాలాచారి గారు వచ్చింది ఆ ఒక్క యూనివర్సిటీ సీటు నుంచి, అక్కడ ఓటర్లు పట్టభద్రులు మాత్రమే.

జమీందారులకి విడిగా ఆరు సీట్లు ఉన్నాయి చూశారా, అక్కడ ఓటర్లు కూడా జమీందారులే. ఇంత రక్షణ ఉన్నా బొబ్బిలి రాజావారు జనరల్ సీటులో రైతుల మధ్యకి వచ్చి నిలబడ్డారు, నిలబడి ఓడిపోయారు. ఆయన్ని విమర్శించేవాళ్ళు కూడా ఈ మాట మాత్రం ఒప్పుకోవాలి, అది ధైర్యమే.

షెడ్యూల్డ్ కులాల సీట్లకి 1932 పూనా ఒప్పందం ప్రకారం రెండు అంచెలు. ముందు ఆ కులాల ఓటర్లు మాత్రమే ఓటేసి నలుగురిని ఎంచుకోవాలి, తర్వాత ఆ నలుగురిలో ఒకరిని అందరూ కలిసి గెలిపించాలి. చెప్పడానికి బాగుంది, కానీ ఆస్తి అర్హత వల్ల దళిత ఓటర్లు చాలా కొద్దిమంది, రెండో అంచెలో మాట చెల్లేది మళ్ళీ ఊరి పెద్దలదే. డాక్టర్ అంబేద్కర్ ఈ పద్ధతి మీద ఆఖరి వరకూ అసంతృప్తిగా ఉండటానికి కారణం ఇదే.

ప్రశ్న: గెలిచాక రైతులకి ఏం ఒరిగింది? గిరి గారు ఏమయ్యారు, రాజావారు ఏమయ్యారు?

జవాబు: గెలిచిన వెంటనే ప్రభుత్వం రాలేదు. గవర్నర్ తన ప్రత్యేక అధికారాలు వాడనని మాటిస్తేనే పదవులు తీసుకుంటామని కాంగ్రెస్ పట్టుబట్టింది, ఈలోగా ఏప్రిల్ 1 నుంచి కూర్మా వెంకటరెడ్డి నాయుడు గారు తాత్కాలికంగా మంత్రివర్గం నడిపారు, జులై 14న రాజాజీ (రాజగోపాలాచారి గారే) ప్రీమియర్, అంటే ముఖ్యమంత్రి అయ్యారు. పదిమంది మంత్రుల్లో మనవాళ్ళు ప్రకాశం, గిరి, బెజవాడ గోపాలరెడ్డి. స్పీకర్ కూడా మనవారే, బులుసు సాంబమూర్తి. గిరి గారికి కార్మిక, పరిశ్రమల శాఖలు.

రైతుల వైపు చూస్తే, 1937లోనే ఇచ్ఛాపురం నుంచి మద్రాసు దాకా రైతు రక్షణ యాత్ర బయల్దేరింది, జమీ ఊళ్ళన్నీ కలుపుకుంటూ 1938లో మద్రాసు చేరింది. మనం గెలిపించిన ప్రభుత్వమే కదా అని ఊరుకోకుండా కాలినడకన వెళ్ళి అడిగారు, ఆ తరం మీద నాకున్న గౌరవం అక్కడే. ప్రకాశం గారి అధ్యక్షతన కమిటీ వేశారు, భూమికి యజమాని రైతేననీ జమీందారు శిస్తు వసూలు చేసే మనిషి మాత్రమేననీ ఆ కమిటీ 1938లో రిపోర్టు ఇచ్చింది. చట్టం అయ్యేలోపు యుద్ధం వచ్చింది, మమ్మల్ని అడక్కుండా ఇండియాని యుద్ధంలోకి దింపుతారా అని కాంగ్రెస్ మంత్రులు 1939 అక్టోబర్‌లో రాజీనామా చేశారు, ఆ రిపోర్టు అలాగే ఉండిపోయింది. 1940లో మందసలో జమీందారీకి ఎదురు తిరిగినప్పుడు పోలీసు కాల్పుల్లో గున్నమ్మ చనిపోయింది, ఆ చట్టం టైంకి వచ్చి ఉంటే ఆవిడ బతికుండేదేమో అనిపిస్తుంది నాకు. చివరికి 1948లో ఎస్టేట్ల రద్దు చట్టం వచ్చింది, బొబ్బిలితో సహా జమీలన్నీ పోయాయి.

రాజావారు ఓటమి తర్వాత పార్టీ బాధ్యత వదులుకున్నారు, 1938 చివర్లో జస్టిస్ పార్టీ పెరియార్ చేతికి వెళ్ళింది, అక్కడి నుంచి అది ద్రవిడ ఉద్యమంగా మారడం వేరే పెద్ద కథ. బొబ్బిలిలో ఆ ఆరు వేల ఓట్లు అటు పడకపోయి ఉంటే తమిళనాడు రాజకీయాలు ఇప్పుడున్నట్టే ఉండేవా అని నాకు ఎప్పుడూ ఒక ఆలోచన. రాజావారు 1978లో చనిపోయారు.

గిరి గారు 1946లో ప్రకాశం మంత్రివర్గంలో మళ్ళీ మంత్రి, తర్వాత సిలోన్‌లో హైకమిషనర్, 1952లో పాతపట్నం నుంచి లోక్‌సభకి గెలిచి కేంద్ర కార్మిక మంత్రి అయ్యారు. బ్యాంకు ఉద్యోగుల జీతాల మీద ట్రిబ్యునల్ ఇచ్చిన తీర్పుని (అవార్డు) ప్రభుత్వం మార్చిందని 1954లో రాజీనామా చేశారు, మంత్రి పదవిని కార్మికుల కోసం వదులుకున్నవాళ్ళు ఎంతమంది ఉంటారు చెప్పండి. 1969లో రాష్ట్రపతి అయ్యారు, అది అందరికీ తెలిసిందే.

ప్రశ్న: గిరి గారు పార్వతీపురంలో గిరిజన అభ్యర్థి చేతిలో ఓడిపోయారని విన్నాను. జనరల్ సీటులో గిరిజన అభ్యర్థి ఎలా గెలుస్తారు? ఇది నిజమేనా?

జవాబు: నిజమే, దీన్ని అడిగినందుకు సంతోషం, ఎందుకంటే బొబ్బిలి కథకి ఇది రెండో సగం. 1957లో పార్వతీపురం లోక్‌సభ ద్విసభ్య నియోజకవర్గం. అంటే ఒకే నియోజకవర్గం నుంచి ఇద్దరు ఎంపీలు, ఒకటి జనరల్, ఒకటి ఎస్టీ రిజర్వుడ్, ప్రతి ఓటరుకీ రెండు ఓట్లు. లెక్కింపు రూల్ ఏంటంటే ముందు ఎస్టీ అభ్యర్థుల్లో ఎక్కువ ఓట్లు వచ్చినవాళ్ళకి రిజర్వుడ్ సీటు ఇస్తారు, ఆ తర్వాత మిగిలిన అందరిలో ఎవరికి ఎక్కువ వస్తే వాళ్ళకి రెండో సీటు, వాళ్ళు ఎస్టీ అయినా సరే. బి.సత్యనారాయణ దొర, డిప్పల సూరిదొర ఇద్దరూ ఎస్టీ అభ్యర్థులు, ఇద్దరికీ గిరి గారి కంటే ఎక్కువ వచ్చాయి, సూరిదొరకీ గిరి గారికీ తేడా వెయ్యి కూడా లేదు. రెండు సీట్లూ వాళ్ళకే వెళ్ళాయి.

గిరి గారు కోర్టుకి వెళ్ళారు. రిజర్వుడ్ సీటుకని నామినేషన్ వేసినాయన జనరల్ సీటు ఎలా తీసుకుంటాడు అన్నది ఒక వాదన, సూరిదొర ముఖదొర తెగలో పుట్టినా క్షత్రియుడిగా మారిపోయాడు కాబట్టి ఎస్టీ కాదన్నది ఇంకో వాదన. 1959లో సుప్రీంకోర్టు రెండూ ఒప్పుకోలేదు, రిజర్వేషన్ అనేది కనీసం ఇన్ని సీట్లు అని చెప్పేదే తప్ప జనరల్ సీటుని గిరిజనుడికి మూసేసేది కాదని తేల్చింది. తర్వాత 1961లో చట్టం తెచ్చి ద్విసభ్య నియోజకవర్గాలు మొత్తం ఎత్తేశారు, ఆ మార్పుకి ఈ ఎన్నిక కూడా ఒక కారణమని అంటారు.

నాకైతే గిరి గారంటే ఎంత గౌరవమో, ఆ తీర్పంటే కూడా అంతే గౌరవం. 1937లో జమీందారీ రైతు ఓటుతో ముఖ్యమంత్రి ఓడిపోతే, ఇరవై ఏళ్ళకి ఆ పక్కనే మాజీ కేంద్ర మంత్రిని దాటి ఇద్దరు గిరిజనులు పార్లమెంటుకి వెళ్ళారు. మధ్యలో మారింది ఓటర్ లిస్టు, అందరికీ ఓటు వచ్చింది.

ప్రశ్న: ఇప్పుడు ఆ పాత సీట్లు ఏమయ్యాయి?

జవాబు: పార్వతీపురం లోక్‌సభ 2008 నియోజకవర్గాల పునర్విభజన (డీలిమిటేషన్)‌లో పోయింది, దాని బదులు అరకు వచ్చింది. అసెంబ్లీలో తెర్లాం, నాగూరు, ఉణుకూరు కూడా అప్పుడే పోయాయి, కురుపాం, రాజాం కొత్తగా వచ్చాయి. ఇప్పటి బొబ్బిలిలో బొబ్బిలి, రామభద్రపురం, బాడంగి, తెర్లాం మండలాలు ఉన్నాయి. కోట మనుషులు మళ్ళీ గెలుస్తున్నారు, సుజయ్ కృష్ణ రంగారావు గారు 2004 నుంచి వరసగా మూడుసార్లు, ఆయన తమ్ముడు బేబీనాయన గారు 2024లో. అది ఇప్పుడు ప్రతి గడప ఓటుతో వచ్చిన గెలుపు కాబట్టి పాత జమీ రోజులతో పోల్చకూడదు.

ప్రశ్న: మా ఊరు 1937లో ఏ నియోజకవర్గంలో ఉందో తెలుసుకోవడం ఎలా?

జవాబు: ముందు మీ ఊరు పాత తాలూకా ఏదో కనుక్కోండి, మండలాలు 1985లో వచ్చాయి కాబట్టి మండలం పేరుతో వెతికితే దొరకదు. ఇంట్లో పాత పట్టా, దస్తావేజు ఉంటే దాని మీద తాలూకా, కొన్నిసార్లు ఎస్టేట్ పేరు కూడా ఉంటుంది. తర్వాత 1936లో వచ్చిన ప్రొవిన్షియల్ లెజిస్లేటివ్ అసెంబ్లీల ఆర్డర్ చూడండి, అందులో ఏ నియోజకవర్గంలో ఏ ప్రాంతం ఉందో షెడ్యూళ్ళు ఉంటాయి, లారీ హామండ్ అధ్యక్షతన వేసిన డీలిమిటేషన్ కమిటీ రిపోర్టు కూడా ఉపయోగపడుతుంది. ఎవరికి ఎన్ని ఓట్లు అన్నది కావాలంటే 1937 ఎన్నికల ఫలితాల మీద ప్రభుత్వం వేసిన రిటర్న్ (ఫలితాల పట్టిక) ఉంది, అన్ని ప్రావిన్సులవీ ఒకే పుస్తకంలో ఇచ్చారు. చెన్నై ఎగ్మూరులోని ఆర్కైవ్స్‌లో మద్రాసు ప్రభుత్వ పాత కాగితాలు ఉంటాయి, వెళ్ళేటప్పుడు గుర్తింపు కార్డు, ఏం వెతుకుతున్నారో ఒక ఉత్తరం పట్టుకెళ్ళండి. ఊళ్ళో ఎనభై తొంభై దాటిన పెద్దవాళ్ళు ఉంటే మాత్రం ఆర్కైవ్స్ కంటే ముందు వాళ్ళ దగ్గరికి వెళ్ళండి, పసుపు పెట్టె గురించి వాళ్ళ నాన్నలు ఏం చెప్పేవాళ్ళో అడిగి రాసుకోండి, రాసింది మాకూ పంపితే ఈ కాలమ్‌లో వేస్తాం.